మతిమరుపు మందు, ఇ విటమిన్: ఎలుకల లెక్క వేరు

సంపాదకులకు నమస్కారం.

అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బుకు వాడే డొనెపెజిల్‌ను, ఇ విటమిన్‌ను కలిపి ఎలుకలకిస్తే వాటి జ్ఞాపకశక్తి మెరుగైందనే తరహా వార్తలు పత్రికల్లోనూ, ఫోన్లలోనూ తరచూ కనిపిస్తున్నాయి. ఆ వార్తలు అబద్ధమని మేం అనడం లేదు. అలాంటి ప్రయోగాలు చాలా ల్యాబుల్లో జరుగుతాయి, ఫలితమూ చాలాసార్లు అలాగే వస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే వస్తోంది. ఆ నాలుగు వాక్యాలు చదివి నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు బస్టాండు దగ్గరో మందుల షాపుకెళ్ళి, 400 మిల్లీగ్రాముల ఇ విటమిన్ జెల్ మాత్రలు నాలుగు స్ట్రిప్పులు కొని ఇంట్లో పెద్దాయనకు వేయడం మొదలుపెడుతున్నారు. చీటీ అక్కర్లేకుండా దొరుకుతాయి, జుట్టుకూ మొహానికీ పిల్లలు రాసుకునేవే కదా, ఏమవుతుందిలే అన్న ధీమా ఒకటి. ఎలుకకు ముందు ఏం చేశారు, ఎంత మందు ఇచ్చారు, చివరికి ఏం కొలిచారు అన్నది తెలిస్తే ఆ వార్తను ఎంతవరకు తీసుకోవాలో ఎవరికైనా అర్థమవుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ప్రయోగానికి తెచ్చేది 180 నుంచి 220 గ్రాముల విస్టార్ జాతి తెల్ల ఎలుక. వయసు రెండు నెలలు అటూఇటూ. నిక్షేపంగా ఉంటుంది, దానికి మతిమరుపు లేదు. కాబట్టి ముందు తెప్పించాలి. ఎక్కువమంది వాడేది స్కోపొలమైన్ ఇంజెక్షను. పరీక్షకు అరగంట ముందు కిలో బరువుకు 1 మిల్లీగ్రాము లెక్కన పొట్టలోకి ఇస్తారు. మన పొలాల గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలో ఉండే పదార్థమే ఇది. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లలు మనుషుల్ని గుర్తుపట్టకుండా ఏదేదో మాట్లాడతారని ఊళ్ళలో అందరికీ తెలుసు. కారణం ఇదే. మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కూర్చోవలసిన చోట స్కోపొలమైన్ వెళ్ళి తిష్ఠ వేస్తుంది. కబురు అందదు, కొత్త విషయం నిలవదు.

డొనెపెజిల్ చేసే పని ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపడం. విరగడం తగ్గితే ఎసిటైల్‌కోలిన్ పోగవుతుంది, స్కోపొలమైన్‌ను పక్కకు నెట్టి తన చోటు తాను తీసుకుంటుంది. ఎలుక తేరుకుంటుంది. దీన్నిబట్టి మందు మెదడుదాకా చేరిందనీ, తన పని చేసిందనీ చెప్పొచ్చు. అంతకుమించి చెప్పడానికి లేదు. అల్జీమర్స్‌లో ఎసిటైల్‌కోలిన్‌ను తయారుచేసే నాడీకణాలే ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి, మెదడులో అమిలాయిడ్ అనే మాంసకృత్తు గడ్డకట్టి పేరుకుంటుంది. మామూలు ఎలుకకు ఎంత వయసొచ్చినా ఆ పేరుకోవడం ఉండదు. స్కోపొలమైన్ దిగిపోతే అదే ఎలుక సాయంత్రానికల్లా మందూ మాకూ లేకుండానే మామూలవుతుంది. ఇంట్లో పెద్దాయన మరుపు అలా దిగిపోయేది కాదు.

ఈ ఎంజైము మన రైతులకు వేరే దారిన బాగా పరిచయం. ముఖానికి గుడ్డ కట్టుకోకుండా, గాలికి ఎదురు నిలబడి కొన్ని రకాల పురుగుమందులు కొడితే చొంగ కారడం, కళ్ళు మసకబారడం, వాంతులు, చెమటలు, కండరాలు అదరడం వస్తాయి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఆపేదీ ఈ ఎంజైమునే. అవి గట్టిగా పట్టుకుని వదలవు, డొనెపెజిల్ పట్టుకుని వదులుతుంది, ఎక్కువగా మెదడులో పనిచేస్తుంది. తేడా అంతే గనక, డోసు మీరితే ఆ లక్షణాలే కనిపిస్తాయి. ఎలుకకు ఎక్కువిచ్చినా చొంగ కారుస్తుంది, వణుకుతుంది, విరేచనాలవుతాయి. వణికే ఎలుక ఈదలేదు. అందుకే ఈ మందు డోసుకూ జ్ఞాపకానికీ గ్రాఫు గీస్తే ఆ గీత ఎప్పుడూ పైకే పోదు. కొంతదాకా డోసుతోపాటు జ్ఞాపకం పెరిగి, ఆ తర్వాత పడిపోతుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ గుణం అనుకునే వాళ్ళు ముందు తెలుసుకోవలసింది ఇదే.

ఇక కొలత. వార్తల్లో 'జ్ఞాపకశక్తి' అని ఒక్క మాటలో తేల్చేది చాలావరకు ఈత పరీక్ష. 1981లో రిచర్డ్ మోరిస్ ప్రవేశపెట్టింది. ఒకటిన్నర మీటరో, ఇంకాస్త పెద్దదో గుండ్రటి తొట్టి. నీళ్ళలో పాలపొడిగానీ, హాని చేయని తెల్లరంగుగానీ కలిపి లోపల కనబడకుండా చేస్తారు. నీటిమట్టానికి ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల కింద అరచేయంత పీట ఒకటి దాస్తారు. గోడల మీద నాలుగు దిక్కులా గుర్తులు అంటిస్తారు. ఎలుకను గోడవైపు ముఖం పెట్టి నీళ్ళలో వదులుతారు. పీట దొరికేదాకా ఈదుతుంది. నిమిషం, నిమిషంన్నర దాటినా దొరక్కపోతే చేత్తో తీసుకెళ్ళి పీట మీద కూర్చోబెట్టి, గోడల గుర్తులు చూసుకోనిస్తారు. రోజుకు నాలుగుసార్లు, నాలుగైదు రోజులు, ప్రతిసారీ వేరే దిక్కు నుంచి. ఆఖర్న పీట తీసేసి ఒక నిమిషం వదులుతారు. పీట ఉండిన పావు భాగంలో ఎంతసేపు వెతికింది అన్నదే అసలు లెక్క. ఏమీ గుర్తులేని ఎలుక కూడా పావు భాగంలో పావు వంతు సేపు ఎలాగూ ఉంటుంది, కాబట్టి 25 శాతాన్ని గెలుపు కింద రాయకూడదు.

పరీక్ష చెడేది చిన్న చిన్న చోట్ల. నీళ్ళు 22 నుంచి 26 డిగ్రీలుండాలి. రోహిణి కార్తెలో నెల్లూరు ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు పట్టి అలాగే తొట్టిలో పోస్తే గోరువెచ్చగా ఉంటాయి. ఎలుకకు బయటపడాలన్న తొందర ఉండదు, కాళ్ళు చాపుకుని తేలుతుంది. గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది, అది 'మరుపు' కింద జమవుతుంది. మరీ చల్లగా ఉంటే మూడో ఈతకే ఒళ్ళు బిగుసుకుని నెమ్మదిస్తుంది. ప్రతి ఈత తర్వాత పొడిగుడ్డతో తుడవాలి, నీళ్ళు కలియబెట్టాలి, లేకపోతే ముందు ఈదిన ఎలుక వాసన దారి చూపిస్తుంది. పరీక్ష చేసేవాళ్ళు రోజూ ఒకే చోట నిలబడాలి, మనిషి కూడా ఎలుకకు ఒక గుర్తే. పాలపొడి నీళ్ళు మన ఎండలకు సాయంత్రానికే వాసనొస్తాయి, రోజూ మార్చాలి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు కంటి విషయంలో జరుగుతుంది. స్కోపొలమైన్ కంటిపాపను పెద్దది చేస్తుంది. తెల్ల ఎలుకకు చూపు అసలే అంతంతమాత్రం. వెలుతురు పడి గోడమీద గుర్తులే కనిపించకపోతే, అది మరిచిపోయిందో చూడలేకపోయిందో ఎలా తెలుస్తుంది? అందుకే పీటను నీటిపైకి తెచ్చి, దానికి జెండా గుచ్చి ఇంకో పరీక్ష పెట్టాలి. కనబడే పీటను కూడా చేరలేని ఎలుకను లెక్కలోంచి తీసేయాలి. ఈత వేగమూ రాయాలి. ఇంకా జాగ్రత్తపరులు మెదడులోకి చొరబడని మిథైల్ స్కోపొలమైన్‌ను ఒక గుంపుకిచ్చి చూస్తారు. కన్నూ నోరూ ఎండి, మెదడు బాగున్న ఆ ఎలుకలు కూడా ఆలస్యం చేస్తే, ఆ ఆలస్యం జ్ఞాపకానిది కాదని తేలిపోతుంది.

విటమిన్ సంగతికొస్తే, ఇ విటమిన్‌ను కనిపెట్టిందే ఎలుకల్లో. 1922లో అమెరికాలోని బర్క్‌లీలో ఇవాన్స్, బిషప్ పందికొవ్వు ఆధారంగా మేత పెట్టిన ఆడ ఎలుకల్లో కడుపు నిలవకపోవడం చూసి, లెట్యూస్ ఆకు పెడితే నిలవడం గమనించారు. టోకోఫెరాల్ అన్న పేరుకు గ్రీకులో అర్థం బిడ్డను కనేలా చేసేదని. జ్ఞాపకానికి దీన్ని ముడిపెట్టింది తర్వాతి కాలం. మెదడులో కొవ్వు ఎక్కువ, ఆక్సిజన్ వాడకం ఎక్కువ. కొవ్వు పాడవకుండా కాపాడే విటమిన్ కణాన్నీ కాపాడుతుందన్న ఊహ అది. ఊహ సమంజసమే. కానీ ఎలుకకు దెబ్బ ఏ దారిన కొట్టామన్నదాన్నిబట్టే మందు గొప్పదనం తేలుతుంది. అల్యూమినియం క్లోరైడ్‌తోనో, మెదడులోకి స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనం ఎక్కించో ఆక్సీకరణ దెబ్బ, అంటే ఆ కొవ్వు పాడయ్యే తరహా దెబ్బ, తెప్పిస్తే ఇ విటమిన్ బాగా కనిపిస్తుంది. ఆ పరీక్ష దానికి అనుకూలంగా కట్టిందే.

ఇవ్వడంలోనూ పేచీ ఉంది. డొనెపెజిల్ నీళ్ళలో కరుగుతుంది, ఇ విటమిన్ కరగదు, ఆలివ్ నూనెలోనో మరో నూనెలోనో కలిపి గొట్టంతో కడుపులోకి పంపాలి. అప్పుడు మిగతా గుంపులకూ అంతే నూనె పట్టాలి. పట్టకపోతే వచ్చిన తేడా విటమిన్‌దో నూనెదో ఎవరూ చెప్పలేరు. ఎలుకల మేతలో ఇ విటమిన్ ముందే ఉంటుంది, అందుకని మేత సంచి మీద అంకెలూ రాసిపెట్టాలి. డొనెపెజిల్ గంటలో అందుకుంటే, ఇ విటమిన్ మెదడులో పెరగడానికి రోజులు, వారాలు పడుతుంది. పరీక్ష రోజు పొద్దున ఒక్కసారి ఇచ్చి 'విటమిన్ పనిచేయలేదు' అనడమూ తప్పే.

కలిపి ఇస్తే మెరుగైందన్న మాటను ఇంకాస్త నిలదీయాలి. ఎవరికన్నా మెరుగు? గుంపుకు ఆరు ఎలుకల చొప్పున అయిదు గుంపులుంటాయి: ఏమీ ఇవ్వనిది, స్కోపొలమైన్ ఒక్కటే ఇచ్చింది, దానికి డొనెపెజిల్ కలిపింది, విటమిన్ కలిపింది, రెండూ కలిపింది. రెండూ కలిపిన గుంపును స్కోపొలమైన్ గుంపుతో పోల్చి గెలిచామంటే అది డొనెపెజిల్ గెలుపే కావచ్చు. పోల్చాల్సింది డొనెపెజిల్ ఒక్కటే ఇచ్చిన గుంపుతో. పైగా డొనెపెజిల్ ఒక్కటే ఎలుకను మామూలు స్థితికి దాదాపుగా తెచ్చేసే డోసులో ఇస్తే విటమిన్ చూపించడానికి ఖాళీ ఉండదు. సగం మాత్రమే తేరుకునే చిన్న డోసు ఎంచుకోవాలి. ఆరు ఎలుకల గుంపులో ఒక్కటి తేలుతూ కూర్చున్నా సగటు తారుమారవుతుంది.

డోసు లెక్క మరీ ముఖ్యం, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది. ఎలుకకు కిలోకు 3 మిల్లీగ్రాముల డొనెపెజిల్ అని చదివి, 60 కిలోల మనిషికి 180 అని గుణిస్తే 10 మిల్లీగ్రాముల మాత్రలు పద్దెనిమిది అవుతాయి. ప్రాణం మీదికొస్తుంది. చిన్న జంతువు ఒళ్ళు మందును త్వరగా కాల్చేస్తుంది, అందుకని ఎలుక డోసును సుమారు 6.2తో భాగించి మనిషి కిలో లెక్కకు తెస్తారు. అలా చూస్తే ఎలుకకు కిలోకు 1 మిల్లీగ్రాము అంటే 60 కిలోల మనిషికి దాదాపు 10 మిల్లీగ్రాములు, అంటే డాక్టర్లు మామూలుగా రాసే పెద్ద డోసు. 3 అంటే 29, మామూలు డోసుకు మూడింతలు. ఇ విటమిన్ ఎలుకకు కిలోకు 100 అంటే మనిషికి రోజుకు 970 మిల్లీగ్రాములు, అంటే 400 మిల్లీగ్రాముల జెల్ మాత్రలు దాదాపు రెండున్నర. పెద్దవయసు మనిషికి ఆహారంలో కావలసింది రోజుకు సుమారు 15 మిల్లీగ్రాములే. వంద గ్రాముల శెనక్కాయ గుండ్లలో 8 మిల్లీగ్రాముల దాకా, పెద్ద చెంచాడు పొద్దుతిరుగుడు నూనెలో 5 పైనే ఉంటుంది. మన ఇళ్ళలో శెనక్కాయ చట్నీకి, నూనెకు కరువు లేదు.

మీ పత్రికకు మా విన్నపం ఒక్కటే. ఎలుకల వార్త వేసినప్పుడు మతిమరుపు ఎలా తెప్పించారు, కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు, గుంపుకు ఎన్ని ఎలుకలు, దేనితో పోల్చారు అన్న నాలుగు ముక్కలు కూడా వేయండి. రెండు వాక్యాల్లో పడతాయి.

అసలు ఈ రెండిటినీ మనుషుల్లో చూడలేదా అంటే, విడివిడిగానూ కలిపీ చూశారు. 2005లో వచ్చిన అమెరికా పరీక్షలో కొద్దిపాటి మరుపు మొదలైన 769 మందిని మూడు భాగాలు చేసి, ఒకరికి డొనెపెజిల్ 10 మిల్లీగ్రాములు, ఒకరికి ఇ విటమిన్ 2000 యూనిట్లు, ఒకరికి మందు లేని ఉత్త మాత్ర మూడేళ్ళు ఇచ్చారు. ఇ విటమిన్ జబ్బును ఆపలేదు. డొనెపెజిల్ మొదటి ఏడాది కొంచెం నెమ్మదింపజేసింది, మూడేళ్ళకు ఆ తేడా మిగల్లేదు. 2014లో వచ్చింది ఇంకా దగ్గరి పరీక్ష. అప్పటికే డొనెపెజిల్ తరగతి మందు వాడుతున్న 613 మంది అల్జీమర్స్ రోగులను తీసుకుని, కొందరికి రోజుకు 2000 యూనిట్ల ఇ విటమిన్ కలిపారు. స్నానం, బట్టలు కట్టుకోవడం, భోజనం లాంటి రోజువారీ పనుల్లో దిగజారడం ఏడాదికి 19 శాతం నెమ్మదించింది. మొత్తం మీద ఆరు నెలలు వెనక్కి జరిగినట్టు. చూసుకునే మనిషికి అది చిన్న మేలు కాదు, మేం దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ జ్ఞాపకశక్తి పరీక్షల్లో తేడా రాలేదు. ఎలుకల వార్త చెప్పేదేమో సరిగ్గా ఆ జ్ఞాపకం గురించే.

2000 యూనిట్లంటే, ఈ మాత్రల్లో మిల్లీగ్రాముకు సుమారు ఒక యూనిట్ లెక్కన, 400 మిల్లీగ్రాముల జెల్ మాత్రలు రోజుకు అయిదు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా వేసుకోవలసినవి కావు. ఇ విటమిన్ పెద్ద డోసులో రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు, వార్ఫరిన్ వాడేవాళ్ళు (ఇవన్నీ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులే) వేసుకుంటే చిగుళ్ళు, కడుపు, చివరికి మెదడులోనూ నెత్తురు కారే ముప్పు పెరుగుతుంది. రోజుకు 400 యూనిట్లు వేసుకున్న మగవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 35 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్ష 2011లో తేల్చింది.

ఇంట్లో పెద్దవాళ్ళకు మరుపు మొదలైతే ముందు చూడవలసిన విటమిన్ బి12. చేపల పులుసు ఊళ్ళో బి12 తక్కువేమిటి అనుకోవద్దు. తిన్నది ఒంటబట్టాలి. వయసుతో కొందరికి జీర్ణాశయం లోపలి పొర పల్చబడుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళకు, పొద్దున్నే పరగడుపున గ్యాసు మాత్ర అలవాటైనవాళ్ళకు, మాంసం గుడ్లు ముట్టనివాళ్ళకు తగ్గే అవకాశం ఎక్కువ. అరికాళ్ళు దూది మీద నడిచినట్టుండటం, తిమ్మిర్లు, చీకట్లో తూలడం, నాలుక నున్నగా ఎర్రబడటం, వీటితోపాటు మరుపు ఉంటే రక్తపరీక్ష తప్పదు. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోటు ఖాయం, 200-300 మధ్య అనుమానం. ఇంజెక్షన్లు త్వరగా మొదలుపెడితే ఈ మరుపు వెనక్కి మళ్ళేదే, ఆలస్యమైతే నరాల దెబ్బ కొంత మిగిలిపోతుంది. రక్తం తక్కువుందని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేస్తే రక్తం బాగుపడి లోపల నరాలు చెడుతూనే ఉంటాయి, కాబట్టి బి12 చూడకుండా అది వేయొద్దు. దీంతోపాటే థైరాయిడ్ పరీక్ష. ఈమధ్య ఎక్కడైనా పడ్డారా, తలకు దెబ్బ తగిలిందా అన్నదీ అడగాలి, పుర్రె లోపల నెమ్మదిగా చేరే నెత్తురు కూడా మరుపుగానే కనిపిస్తుంది.

ఎలుకకు మనం సూదితో ఎక్కించే మరుపును పెద్దవాళ్ళకు తెలియకుండా రోజూ మాత్రల్లో ఇస్తున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. జలుబుకూ దురదకూ వేసే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకూ నరాల నొప్పికీ రాసే అమిట్రిప్టిలిన్, కడుపునొప్పికి డైసైక్లోమిన్, మూత్రం ఆగడానికి ఆక్సిబ్యుటినిన్, చేతుల వణుకుకు ట్రైహెక్సిఫెనిడిల్. ఇవన్నీ స్కోపొలమైన్ కూర్చునే చోటే కూర్చుంటాయి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, కళ్ళ మసక, మరుపు కలిసి కనిపిస్తే ముందు ఈ మాత్రల్ని అనుమానించాలి. ఒక్కోచోట డొనెపెజిల్ మొదలుపెట్టాక మూత్రానికి ఆగలేకపోవడం వస్తుంది. దానికి వేరే డాక్టరు ఆక్సిబ్యుటినిన్ రాస్తారు. ఒక మాత్ర తలుపు తీస్తుంటే ఇంకొకటి మూస్తుంది, డబ్బులు రెంటికీ పోతాయి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు చీటీలు కాదు, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, జలుబు సిరప్పు సీసా, నాటుమందు పొట్లంతో సహా ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. పాత మాత్రల్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, ఏది తీయాలో వారే చెబుతారు.

డొనెపెజిల్ రాశారంటే: మామూలుగా రాత్రి పడుకునేముందు 5 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత అవసరమైతే 10. మనిషి ఒంట్లో ఇది సగానికి తగ్గడానికి 70 గంటలు పడుతుంది, అందుకని రోజుకొకటి చాలు. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేయకూడదు. వారం పైన ఆగిపోతే పాత డోసుతో నేరుగా మొదలుపెట్టకుండా డాక్టరును అడగాలి. పీడకలలు ఎక్కువైతే మాత్రను పొద్దుటికి మార్చమని అడగొచ్చు. వికారం, విరేచనాలు మొదటి వారాల్లో వచ్చి చాలామందికి సర్దుకుంటాయి. గుండె వేగం తగ్గిస్తుంది గనక ముందే ఈసీజీ తీయించాలి, బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడుతుంటే ఆ సంగతి చెప్పాలి. ఉబ్బసం ఉన్నా, కీళ్ళనొప్పులకు డైక్లోఫినాక్ లాంటివి రోజూ మింగుతున్నా చెప్పాలి. ఏదైనా ఆపరేషన్‌కు వెళ్తే మత్తు డాక్టరుకు ఈ మందు పేరు ముందే చెప్పాలి. మత్తులో కండరాలు సడలించే కొన్ని మందులు దీనివల్ల ఎక్కువసేపు పనిచేస్తాయి.

మందు మొదలుపెట్టిన మొదటి నెల, డోసు పెంచిన తర్వాతి నెల, ఈ రెండు నెలలూ వారానికోసారి బరువు చూసి రాసుకోండి. మణికట్టు దగ్గర నాడి నిమిషం పాటు పూర్తిగా లెక్కపెట్టండి. యాభైకి తగ్గినా, లేచి నిలబడగానే కళ్ళు తిరిగి కూలబడినా ఆ రాత్రి మాత్ర వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇట్లు,
ఫార్మకాలజీ బోధకులు,
నెల్లూరు